పెన్న వెనక్కి వచ్చిన రోజు

మొన్న తొలకరి చినుకులు పడినప్పుడు మా వీధి చివర కిరాణా కొట్టు ముందు దించిన కల్లుప్పు మూటలు తడిశాయి. కొట్టతను వానను తిట్టుకుంటూ ఒక్కొక్కటే లోపలికి లాగుతున్నాడు. తడిసిన గోనె, కరుగుతున్న ఉప్పు, మూటల అడుగున చేరిన మట్టి, మూడూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే, కూరగాయల సంచి పట్టుకుని పోతున్నదాన్ని ఉన్నచోటే నిలబడిపోయాను. "ఏం పెద్దమ్మా, కండ్లు తిరుగుతాండాయా?" అని అతను కంగారుగా స్టూలు వేశాడు. కళ్ళు తిరగలేదు. అది మా నాయన వాసన. నాయన చొక్కాలోనూ, తలకు చుట్టుకునే తువాలులోనూ, లారీ సీటు కింద పెట్టుకునే దుప్పటిలోనూ, చివరికి పండగనాడు చెవి మడతలో పెట్టుకున్న అత్తరు దూది వెనకనుంచి కూడా అదే వాసన వచ్చేది. స్టూలు మీద కూర్చుంటే మళ్ళీ లేవలేనేమో అనిపించి, నిలబడే కాసేపు పీల్చుకుని ఇంటికి వచ్చాను.

మాది గార్లదిన్నెకు అవతల, పెన్న ఒడ్డున ఒక చిన్న పల్లె. పెన్న ఒడ్డున అనగానే మీరు నీళ్ళ పక్కన అనుకుంటారేమో. ఆ పొరపాటు చేయకండి. మా పెన్న ఇసుక. ఈ దరి నుంచి ఆ దరి దాకా, ఎండాకాలం కాళ్ళు బొబ్బలెక్కేంత వేడెక్కి, చలికాలం తెల్లవారుజామున పాలమీగడలా చల్లబడి, వంపు తిరిగినచోటల్లా తళతళలాడుతూ పడి ఉండే ఇసుక. ఆ ఇసుకలో ఎడ్లబండ్లు పోయేవి. పెళ్ళివాళ్ళు అందులోనే విడిది చేసేవాళ్ళు. వెన్నెల రోజుల్లో మేము అందులోనే గుజ్జనగూళ్ళు వండుకుని, దొంగాట ఆడి, ఒళ్ళంతా ఇసుకతో ఇంటికొచ్చి తన్నులు తినేవాళ్ళం. తాగే నీళ్ళు కావాలంటే మోచేతి లోతున చెలమ తవ్వి, ఊరే దాకా గట్టున కూర్చుని, కొబ్బరి చిప్పతో తోడుకునేవాళ్ళం. ఏరంటే పడుకోవడానికి, ఆడుకోవడానికి, నడిచిపోవడానికి దేవుడు పరిచిన చోటు అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. మా ఊళ్ళో పెద్దవాళ్ళు కూడా దాదాపు అలాగే అనుకునేవాళ్ళు.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పీర్ల పండగకు మా ఇంట్లో చొంగెలూ మలీదా చేస్తే ఊరంతా తినేది, ఉగాదికి ఊరంతా ఓళిగలు చేస్తే మేము తినేవాళ్ళం, పండగలో లెక్కలేవీ ఉండేవి కావు. చెనక్కాయలు పీకే రోజుల్లో ఇంటి ముందు పచ్చికాయల కుప్ప, పొయ్యి మీద ఉడికే కాయల ఆవిరి, రాగి సంగటిలోకి అమ్మ రోట్లో దంచే ఊరుబిండి ఘాటు, ఇవి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆకలి వేస్తుంది, డాక్టరు ఏం తినొద్దన్నాడో గుర్తుండదు. తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడట. నాయనకు చిన్నప్పుడే ఆ దుమ్ము పడక ఆయాసం వచ్చేది. అందుకని యుద్ధం అయ్యాక పట్టాళంవాళ్ళు వదిలించుకున్న ఒక పాత లారీని ఎట్లాగో చేజిక్కించుకున్నాడు. చెనక్కాయల మూటలు నెల్లూరు మిల్లుకు తీసుకుపోయి దించేవాడు, తిరుగుదారిలో సముద్రం ఒడ్డున ఉప్పు ఎత్తుకుని వచ్చేవాడు. ఆ లారీ తప్ప మాకు వేరే ఆస్తి లేదు. హ్యాండిల్ వేసి తిప్పితే అది ఊరంతా లేచేలా దగ్గి, నల్లపొగ కక్కి, నాయన బతిమాలితేగానీ కదిలేది కాదు. నాయన మాతో కంటే దానితోనే ఎక్కువ మాట్లాడేవాడు.

నాయన తల్లి పీరమ్మవ్వ. ఆమె నీళ్ళు వాడే పద్ధతి చూస్తే ఎంత పిసినారికైనా సిగ్గు వేసేది. ఒక చెంబుతో మొహం కడుక్కుని, ఆ నీళ్ళు పళ్ళెంలో పట్టి కాళ్ళు తడుపుకుని, ఆ కాళ్ళు తడిపిన నీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, చెంబును తిరగేసి చెట్టు మీద దులిపేది. మేము గ్లాసులో అడుగున గుక్కెడు వదిలేస్తే ఆ గుక్కెడు ఎవరో ఒకరు తాగేదాకా లేవనిచ్చేది కాదు. అట్లాంటి అవ్వ ఏటికో రెండేళ్ళకో ఒకరోజు మాత్రం పూర్తిగా వేరే మనిషి అయిపోయేది. అది ఏరు వచ్చే రోజు.

ఎక్కడో పైన వాన పడేది. మా దగ్గర ఆకాశం ఖాళీగానే ఉండేది. పైఊళ్ళ నుంచి కబురు ముందే వచ్చేది, ఏరొస్తాందంట అని. అంతే, పొయ్యి మీది సంగటి పొయ్యి మీదే, కొట్టంలో ఎనుములు కొట్టంలోనే, ఊరు ఊరంతా ఇసుకలోకి దిగేది. నీళ్ళు ఎంత నెమ్మదిగా వచ్చేవంటే, ముందు ఒక నురగ గీత కనిపించేది, దాని ముందర ఎండుటాకులు, పుల్లలు, మేకపెంటికలు దొర్లుకుంటూ వచ్చేవి, దాహంతో ఉన్న ఇసుక తాగినంత తాగి మిగిలింది వదిలేది. మేము ఆ నురగకు ఎదురుగా వరసగా నిలబడేవాళ్ళం. తొలి నీళ్ళు పాదాల మీదుగా పోతే ఏడాది పొడుగునా జబ్బు రాదని మావాళ్ళ నమ్మకం. రెడ్ల ఇండ్ల ఆడవాళ్ళు పసుపూ కుంకుమా చల్లేవాళ్ళు. మా అవ్వ కళ్ళు మూసుకుని, చేతులు చాచి దువా చదివింపులు చేసి, ఒక బెల్లం ముక్క నీళ్ళలో వదిలి, దోసెడు నీళ్ళు కళ్ళకద్దుకుని తాగేది. బురద నీళ్ళని ఎవరూ అనేవాళ్ళు కాదు. ఎంతసేపు నిలబడినా నీళ్ళు చీలమండ దాటేవి కావు, చీకటి పడితే తప్ప ఎవరూ ఇంటికి పోయేవాళ్ళు కాదు. వచ్చే నీళ్ళకు ఎదురు పోయి నిలబడాలన్నది నాకు నడక వచ్చినప్పుడే వచ్చింది.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళు వచ్చిన ఎండాకాలంలో నాయన మా అందరినీ లారీలో సముద్రం దాకా తీసుకుపోయాడు. క్లీనరు పెళ్ళి చేసుకుంటున్నానని వెళ్ళిపోయాడు, ఒంటరిగా పోవడం నాయనకు ఇష్టం లేదు. అదొక కారణం. అసలు కారణం తమ్ముడు. నా తరవాత అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు, ఇద్దరూ నడక రాకుండానే. చాలా ఏళ్ళకు, పీర్లచావిడికి అమ్మ మొక్కని మొక్కు లేదనుకున్నాక, మస్తాను పుట్టాడు. వాడికి ఎనిమిదో నెల దాటేసరికి నాయనకు సంతోషం పట్టడానికి ఇల్లు చాలలేదు. "మన పెన్న పోయి పోయి యాడ కలుస్తాదో పిల్లోనికి చూపిస్తా" అన్నాడు. పిల్లవాడు అప్పటికి సరిగ్గా నిలబడటం కూడా రాని వయసు. అమ్మ నవ్వింది. అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది. "ఆడ తాగేదానికి నీళ్ళుంటాయా?" నాయన ఉంటాయన్నా నమ్మక, రెండు కడవల చెలమ నీళ్ళు గోనె చుట్టి లారీలో పెట్టించింది.

తాడిపత్రి, కడప మీదుగా ఆ ప్రయాణం ఎంత హాయిగా సాగిందో చెప్పలేను. ముందు సీట్లో నాయన, అవ్వ, అమ్మ, అమ్మ ఒళ్ళో మస్తాను, గేరు కర్ర పక్కన ముడుచుకుని నేను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఏదో ఒక ఏరు తగిలేది. నాయన లారీని నేరుగా ఇసుకలోకి దించేవాడు. మూడు రాళ్ళు పెట్టి అమ్మ పొయ్యి వెలిగించేది. లారీ వెనక భాగం కింద అడ్డకమ్మీకి అమ్మ చీరతో ఉయ్యాల కట్టి మస్తానును వేసేవాళ్ళు. ఆ నీడలోనే మేమందరం పడుకునేవాళ్ళం. ఇంజను వేడి తగ్గుతూ టిక్కు టిక్కుమంటుంటే, ఉయ్యాల తాడు కిర్రుమంటుంటే, అవ్వ గొంతులో ఏదో పాత పాట సగం సగం వినిపిస్తుంటే పట్టిన నిద్ర నాకు మళ్ళీ జీవితంలో పట్టలేదు. పెన్న మమ్మల్ని వదలకుండా కాసేపు కుడివైపున, కాసేపు ఎడమవైపున కనిపిస్తూనే ఉండేది. "మనతోనే వస్తాందిరా" అని నాయన స్టీరింగు మీద చెయ్యి చరిచేవాడు.

నెల్లూరు దగ్గర పడేసరికి అవ్వ లారీలోంచి తల బయటికి పెట్టి చూడసాగింది. కాలువల నిండా నీళ్ళు. కనుచూపు మేర పచ్చటి మడులు. ఎనుములు నీళ్ళలో మెడ దాకా దిగి, ఎవరో పెద్దమనుషుల్లా కళ్ళు మూసుకుని కూర్చున్నాయి. మిల్లు ముందర మూటలు దించుతుంటే ఒక ఆడమనిషి బిందె తోముకుని, సగం బిందె నీళ్ళు అట్లాగే వీధిలో పారబోసింది. అవ్వ లారీ దిగి పోయి, ముక్కూ మొహం తెలియని ఆమె చేతిలో బిందె లాక్కుంది. "ఏమ్మే, నీకేమన్నా పిచ్చి పట్టిందా? నేల పాలు చేస్తాండావే" అంది. ఆమె నిర్ఘాంతపోయి మావైపు చూసింది. నాయన పోయి చేతులు జోడించి, "మా తట్టు మనిషమ్మా, ఏమనుకోవద్దు" అని అవ్వను పట్టుకొచ్చాడు. లారీ ఎక్కాక కూడా అవ్వ ఆ తడిసిన వీధి మీంచి చూపు తిప్పలేదు. కోపం అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, అది కోపం కాదు, దెబ్బ. ఒక జన్మంతా చెంబు దులిపి బతికిన మనిషికి తగిలిన మొదటి దెబ్బ.

మర్నాడు పొద్దున సముద్రం చేరాం. ఉప్పు మడుల దగ్గర పనివాళ్ళెవరూ లేరు, మరుసటి రోజు రమ్మని కాపలావాడు చెప్పాడు. సరే, ఈ ఒక్కరోజు ఇక్కడే ఉందాం అన్నాడు నాయన. సరుగుడు తోపుల మధ్య ఇసుక బాట పట్టుకుని పోతే, పెన్న నుంచి చీలిన ఒక పాయ సముద్రంలో కలిసేచోటు వచ్చింది. ఎక్కడా ఇల్లు లేదు. దూరంగా గట్టు మీద ఒక తాటాకు పాక, దాని ముందు వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన, అంతే. పాయ నిండా ఇసుక. మా ఇసుకే. అదే రంగు, అదే మెరుపు, కాకపోతే కాస్త చెమ్మగా, గట్టిగా ఉంది. దాని చివర సన్నటి నీలం గీతలాగా సముద్రం, అక్కడినుంచి ఆగకుండా ఒక హోరు. అంత దూరంలో ఉన్నదాన్ని చూసి ఎవరు భయపడతారు? నాయన అలవాటు ప్రకారం లారీని పాయలోకి దించాడు. అమ్మ పొయ్యి రాళ్ళు వెతికింది. ఉయ్యాల కట్టారు. ఏడాదంతా ఎండి ఉన్న ఏరే అనుకున్నాం, మాకు తెలిసిన ఏరు అదొక్కటే.

చేపల సంగతి మొదట కనిపెట్టింది అమ్మ. లారీకి కొంత ఎడంగా ఒక పల్లం ఉంది. పెద్దవాళ్ళ నడుము లోతు ఉంటుంది, అడుగున చీలమండ తడిసేటన్ని నీళ్ళు. అది దాటి అవతల గట్టెక్కితే, ఇసుకలో అక్కడక్కడ చిన్న చిన్న మడుగులు. వాటినిండా వెండిలాంటి చేపలు, ఎండ్రకాయలు. మాకు గాలాలూ వలలూ తెలియవు. మా చెరువు ఎండిపోయే చివరి రోజుల్లో, అడుగున మిగిలిన బురదలో ఊరంతా దిగి, చీర కొంగులతో, గంపలతో, ఉత్త చేతులతో చేపలు ఏరుకోవడమే మాకు చేపలు పట్టడం. ఆ మడుగులు చూడగానే అమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఏరు ఎండిపోతాంది, ఈడ చిక్కుకున్యాయి పాపం" అంది. మస్తానుకు కడుపునిండా పాలిచ్చి ఉయ్యాలలో వేసి, వాడు నిద్రపోయాక అవ్వను పక్కన కూర్చోబెట్టి, పాత చీరా గంపా తీసుకుని నాయనతో బయలుదేరింది. నేను వెనకాలే.

అమ్మ అంతగా నవ్వడం నేను ముందెప్పుడూ చూడలేదు. చీరకు ఒక కొస నాయన, ఒక కొస అమ్మ పట్టుకుని మడుగులో దువ్వుతుంటే చేపలు ఎగిరి అమ్మ మొహానికి తగిలేవి. గంప నిండింది. గట్టు మీది ముసలాయన లేచి నిలబడి తువాలు ఊపాడు. మర్యాదస్తుడు, పలకరిస్తున్నాడనుకుని నాయన కూడా తన తువాలు తీసి ఊపాడు. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. నాయన ఇంకా గట్టిగా ఊపాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒకే క్షణంలో నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది.

నురగ గీతను మొదట చూసింది నాయన. సముద్రం వైపు నుంచి, ముందర ఆకులూ పుల్లలూ నెట్టుకుంటూ, అచ్చం మా ఊళ్ళో వచ్చినట్టే మెల్లగా వస్తోంది. పైన మబ్బు తునక లేదు. పట్టపగలు. ఏరు పైనుంచి కదా రావాలి, ఇదేమిటి కిందినుంచి వస్తోందని ఎవరికీ తట్టలేదు. నాయన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"అమ్మా, ఏరొచ్చింది. బిరీన రా."

అవ్వ లేచి ఉయ్యాలలోకి చూసింది. పిల్లవాడు నిద్రలో ఉన్నాడు. మా ఏరు వచ్చినప్పుడు దాని ముందర ముసలివాళ్ళు కూడా తీరిగ్గా నడిచి ఇంటికి పోవచ్చు. ఆ లెక్కే వేసుకుని ఉంటుంది. కొంగులో బెల్లం ముక్క ముడి వేసుకుని, పల్లం దిగి ఎక్కి, ఆ వయసులో పరుగెత్తుకుంటూ వచ్చింది. నలుగురం వరసగా నిలబడ్డాం. నురగ మా పాదాల మీదుగా పోయింది. చల్లగా ఉంది. అవ్వ కళ్ళు మూసుకుని చేతులు చాచి చదవడం మొదలుపెట్టింది, ఆమె చదువుతున్నప్పుడు ఎవరూ కదలకూడదు. మేము కదల్లేదు. చాలాసేపు చదివింది. అన్నేళ్ళ దాహానికి చెప్పుకోవాల్సినవి అన్నీ చెప్పుకున్నట్టుంది. నీళ్ళు నా మోకాళ్ళకు వచ్చాయి. బెల్లం వదిలింది. దోసెడు నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకుని నోట్లో పోసుకుంది.

ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఉమ్మేయలేదు. నీళ్ళు ఉమ్మేసే అలవాటు ఆమెకు లేదు. బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, మింగలేక కక్కలేక నిలబడి, చివరికి మింగింది. "ఉప్పు" అంది. తరవాత దూరంగా ఆ నీలం గీత వైపు చూసింది, ఇప్పుడది గీత కాదు. "అదంతా ఉప్పేనా? ఇన్ని నీళ్ళు పెట్టుకోని, దేవుడు ఉప్పేసి పెట్టినాడా మనకు?"

నాయన వెనక్కి తిరిగి ఉన్నాడు. నేనూ తిరిగాను.

పల్లం లేదు. మాకూ లారీకీ మధ్య ఒక నది పారుతోంది. మేము ముందర నీళ్ళకు దణ్ణం పెడుతుంటే, నీళ్ళు పల్లం వెంబడి వెనకనుంచి వచ్చాయి. లారీ చక్రాలు సగం దాకా మునిగాయి. కింద ఉయ్యాల అడుగు నీళ్ళను తాకుతోంది, తాకినప్పుడల్లా చీర నల్లబడుతోంది. ముసలాయన తెప్ప లాక్కుంటూ అరుస్తూ వస్తున్నాడు కానీ ఆయన చాలా దూరంలో ఉన్నాడు. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, నీళ్ళు మనిషిని ఏమైనా చేస్తాయన్న సంగతే నాకు తెలియదు. నాయన మొహం చూశాక తెలిసింది.

నాయన ఒక అడుగు వేశాడు. అంతలో అవ్వ కాళ్ళ కింద ఇసుక జారి పడిపోయింది, ఆయన ఒక చేత్తో ఆమెనూ ఇంకో చేత్తో నన్నూ పట్టుకున్నాడు. వదిలితే ఇద్దరం పోతాం. వదలకపోతే వాడు పోతాడు. నాయన నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, అది మాట కాదు.

అమ్మ మాత్రం ఎవరివైపూ చూడలేదు. నేరుగా పల్లంలోకి దిగింది. మా అమ్మ పొట్టి మనిషి. అప్పటిదాకా పిక్కల కంటే లోతు నీళ్ళలో నిలబడి ఎరగదు. మా బావులు ఎప్పుడూ అడుగంటే ఉండేవి, ఆడపిల్లకు ఈత నేర్పేదెవరు? నడుము దాకా, రొమ్ము దాకా, గడ్డం దాకా నీళ్ళు. తరవాత తల కనిపించలేదు. మళ్ళీ కనిపించింది, కాస్త ముందర. మళ్ళీ పోయింది. అడుగున కాళ్ళతో తన్నుకుంటూ, పైకి లేచినప్పుడు గుక్క పీల్చుకుంటూ, ఆమె దాన్ని నడిచే దాటిందని తరవాత నాయన అన్నాడు. నాకు మాత్రం నీళ్ళ మీద ఒకసారి కనిపించి ఒకసారి కనిపించకుండా పోయే నల్లటి కొప్పు తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

అమ్మ లారీ వెనక్కి చేరేసరికి ఉయ్యాలలో నీళ్ళు నిండాయి. వాడిని పైకి తీసింది. వాడు ఏడవలేదు. లారీ వెనక తలుపు మీదికి పాకి, వాడిని బోర్లా తొడ మీద వేసుకుని వీపు చరిచింది. అవతలి గట్టున మేము ముగ్గురం నిలబడ్డాం. ఆ హోరులో మాకేమీ వినిపించదని తెలిసినా వినాలని చూస్తున్నాం. చరిచింది. మళ్ళీ చరిచింది. అప్పుడు వాడి కాలు ఒకటి కదిలింది. ఏడుపు మాకు వినిపించలేదు, నోరు తెరవడం కనిపించింది. నాయన అక్కడే నీళ్ళలో కూలబడ్డాడు.

ముసలాయన తెప్ప మీద మమ్మల్ని ఒక్కొక్కరినే గట్టుకు చేర్చాడు. పాకలో కూర్చోబెట్టి గంజి పోశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. "పోటు టైములో పాయలో బండి దించుతారా ఎవురైనా? తువాలు ఊపితే తిరిగి ఊపుతుండారే" అని మాత్రం మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. లారీ ఇంజను దాకా మునిగి, ముందు అద్దాలు మాత్రం మావైపు చూస్తున్నాయి. మధ్యాహ్నం దాటింది. ఎండ వాలింది. అప్పుడు, ఎవరూ పిలవకుండా ఎట్లా వచ్చాయో, నీళ్ళు అట్లాగే వెనక్కి పోవడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి పాయ మళ్ళీ ఇసుక. పల్లంలో చీలమండ లోతు నీళ్ళు. మడుగుల్లో చేపలు. మా పొయ్యి రాళ్ళు కూడా ఉన్నచోటే ఉన్నాయి. ఉదయం నుంచి చూసినవాటన్నిటిలో నన్ను ఎక్కువ దిమ్మెరపోయేట్టు చేసింది అదే. ఏమీ జరగనట్టు పడి ఉన్న ఆ ఇసుక.

"ఇట్లా ఎప్పుడెప్పుడు వస్తాదప్పా?" అని అవ్వ ముసలాయనను అడిగింది.

"దినానికి రెండు తూర్లు వస్తాది, పోతాదమ్మా. మీకాడ రాదా?"

అవ్వ ఆయనను ఎగాదిగా చూసింది, ఎగతాళి చేస్తున్నాడేమో అన్నట్టు. "మాకాడ రెండేండ్లకొక తూరి వస్తే పండగ" అంది.

లారీని ఎడ్లతో లాగించి నెల్లూరు చేర్చారు. ఉప్పునీళ్ళు తాగిన ఇంజను మళ్ళీ మునుపటిలా దగ్గలేదు, ఏడాది తిరక్కుండానే దాన్ని ముక్కలుగా అమ్మేశారు. నాయన ఆ తరవాత చివరిదాకా ఇతరుల లారీలే తోలాడు. ఇంటికొచ్చిన రోజున అవ్వ గడప దాటకముందే మమ్మల్ని నిలబెట్టి చెప్పింది. "ఈ మాట పిల్లోని చెవిన పడగూడదు. భయం పట్టుకుంటాది." ఎవరం ఎత్తలేదు. అమ్మ అయితే మాతో కూడా ఎత్తలేదు. నేను పెద్దయ్యాక ఒకసారి అడగబోతే, చేటలో బియ్యం చెరుగుతూ, "పొయ్యి చూడుపో, మాడుతాంది" అంది. పొయ్యి మీద ఏమీ లేదు.

మరుసటి ఏడు కాక ఆ పై ఏడు మా పెన్న వచ్చింది. ఊరంతా దిగింది. అవ్వ దిగలేదు. మస్తానును ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి మొలతాడు పిడికిట బిగించి, తలుపు వేసుకుని కూర్చుంది. అప్పుడు అమ్మ వచ్చి తలుపు తీసి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, పిల్లవాడిని చంకనేసుకుంది. "ఆ నీళ్ళు వేరే, ఇవి మనవి" అంది. అవ్వ తిట్టుకుంటూ వెనకాలే పరుగెత్తుకొచ్చింది. నురగ దగ్గర పడుతుంటే అందరికంటే ముందుకు పోయి, చదివింపులు లేవు, బెల్లం లేదు, వంగి చారెడు నీళ్ళు నోట్లో పోసుకుంది. ఊరంతా చూస్తోంది. నోటి చుట్టూ బురదతో వెనక్కి తిరిగి, "దించు పిల్లోన్ని" అంది. అన్నాక అక్కడే నీళ్ళలో కూర్చుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

ఇప్పుడు ఏరు రాదు. పైన కట్టాల్సినవన్నీ కట్టుకున్నారు. ఇసుకను రాత్రీ పగలూ ఎత్తుకుపోయారు, అడుగున బండలు తేలి, సర్కారు తుమ్మకంప కమ్ముకుంది. చెలమ తవ్వడం తెలిసినవాళ్ళు ఊళ్ళో ఒకరిద్దరుంటారేమో. నురగకు ఎదురు నిలబడ్డ వాళ్ళు ఇంకా తక్కువ. అవ్వ పోయింది, నాయన పోయాడు, అమ్మ పోయి కూడా చాలా కాలమైంది. మస్తాను మాత్రం ఉన్నాడు. జీవితమంతా బోరు బండి మీదే బతికాడు. ఎవరి చేనులో నీళ్ళు పడతాయో, ఎవరి చేనులో దుమ్ము లేస్తుందో చూస్తూ చూస్తూ వాడి తల తెల్లబడింది. పోయిన నెల మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు.

"అక్కా, ఇంత వయసొచ్చింది, నేను సముద్రం చూడల్యా. ఒకతూరి పోదామా?"

నా చేతిలో పళ్ళెం అట్లాగే ఉండిపోయింది. వాడికి భయం పట్టకూడదని దాచినవాళ్ళు ఎవరూ లేరు. చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, నేను పోతే అది జరగనట్టే. "నువ్వు చూసినావులేరా" అన్నాను. వాడు నవ్వాడు, నాకు మతి తప్పుతోందనుకున్నాడు. అప్పుడు కూర్చుని, పై కథంతా చెప్పాను. లారీ సముద్రం చేరిన చోట వాడు నోరు తెరుచుకుని విన్నాడు, తువాలు ఊపిన చోట నవ్వాడు, ఉయ్యాల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అంతా అయ్యాక లారీ గురించి అడుగుతాడనుకున్నాను, అవ్వ గురించి అడుగుతాడనుకున్నాను. వాడు తల వంచుకుని అడిగాడు.

"అమ్మకు ఈత యాడొచ్చక్కా?"

"రాదురా" అన్నాను.

వాడు టీ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.